చెత్తగుట్టకు రైతు ఎవరు?

జనవరి 26

ఈరోజు ముగ్గురితో పోట్లాడాను. మూడింటిలోనూ న్యాయం నా పక్షానే ఉంది.

మొదటిది పొద్దున్నే, ఆత్మకూరు బస్టాండు దగ్గర నేను పనిచేసే జిరాక్స్ షాపులో. గిరాకీ లేదు కదా అని నేను రాసుకున్న కరపత్రాన్ని మిషన్‌లో పెట్టాను. ఓనరు శీనయ్య వెనక నుంచి వచ్చాడు.

"మే రూబీ, ఇది షాపా, మీ పార్టీ ఆఫీసా?"

"నాకు పార్టీ లేదు. ఇది అందరి కోసం."

"అందరి కోసమైతే అందర్నీ కాగితాలు తెచ్చుకోమను."

జీతంలో పట్టుకోమన్నాను. పట్టుకుంటాడు కూడా, ఆ మనిషి.

రెండోది నాయనతో. నాయన చెత్త ట్రాక్టరు నడుపుతాడు. ఊళ్ళో చెత్తంతా తెచ్చి మా కాలనీ వెనక గుట్ట మీద పోస్తాడు. సొంత ఇంటి వెనక ఎట్లా పోయబుద్ధవుతుందని అడిగాను. "మన ఇంటెనక గుట్ట పెట్టలేదుమే. గుట్టెనక మనకి ఇల్లు దొరికినాది. తేడా తెలుసుకో" అని తువ్వాలు దులుపుకొని పడుకున్నాడు.

మూడోది సాయంత్రం, చుట్టాల ముందు. సలోమి అక్కకు సంబంధం ఖాయమైంది. ఉదయగిరి అబ్బాయి. పేరు డేవిడ్‌రాజు. అక్కడ కర్ర చెంచాలు, గరిటెలు చేసే పనిలో ఉన్నాడు. పెళ్ళి మే పదిహేనున. అంతా బాగానే నడుస్తుండగా వాళ్ళ పెదనాయన మునెయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి, "పెళ్ళి మాత్రం మా ఉదయగిరిలోనే. ఎండాకాలం మీ గుట్ట పొగ కమ్ముతాదంట గదా. పెళ్ళికూతురు దగ్గతా ఉంటే ప్రమాణం ఎవరు చెప్తారు?" అన్నాడు.

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

మా కాలనీ చర్చిలోనే అవ్వ పెళ్ళయింది. అమ్మ పెళ్ళీ అక్కడే. అమ్మ పోయాక మమ్మల్నిద్దరినీ పెంచిన రెబెకమ్మ అవ్వకు ఉన్నది ఒకే కోరిక. పెద్ద మనవరాలి పెళ్ళి అదే చర్చిలో చేసి, ముందున్న ఖాళీ స్థలంలో నలుగురికీ భోజనం పెట్టాలి. కానీ గుట్ట కాలడం మొదలైన ఏడాది నుంచి మా కాలనీలో ఒక్క వేసవి పెళ్ళి జరగలేదు. అన్నీ ఊళ్ళో పెద్దమనిషి రామనారాయణ గారి కల్యాణమండపానికి పోతాయి, లేదంటే మగపెళ్ళివారి ఊరికి.

అవ్వ మొహం చూసి నేను లేచి నిలబడ్డాను. "పెళ్ళి ఇక్కడే. మే నెలలో గుట్ట నుంచి పొగ రాదు. పూచీ నాది."

"ఎట్ట ఆపతావు పాపా?" అన్నాడు మునెయ్య.

"సైన్సుతో."

మళ్ళీ నవ్వు. డేవిడ్‌రాజు అప్పటిదాకా నోరు విప్పలేదు. "పెదనాయనా, వారం ముందొచ్చి చూద్దాం. పొగ లేకపోతే ఈడే చేసుకుందాం. ఉంటే మన ఊళ్ళో" అన్నాడు. న్యాయంగానే అన్నాడు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. పోతూ పోతూ అక్క చేతిలో ఒక కర్ర గరిటె పెట్టాడు. చెట్లు నరికి గరిటెలు చేయడం గురించి నేను రెండు ప్రశ్నలు వేశాను.

"మా గరిటె విరిగితే పొయ్యిలో పడతాది మరదలా. మీ గుట్టలో పడదు."

మరదలా అట. ఇంకా పెళ్ళి కాందే.

ఫిబ్రవరి 1

సైన్సు సంఘం వాళ్ళ కరపత్రం మళ్ళీ చదివాను. నెల్లూరు పుస్తకాల ప్రదర్శన గేటు దగ్గర ఒక పెద్దాయన పంచుతుంటే తెచ్చుకున్నది. అసలు ప్రతిని కాలనీలో పోటీ పరీక్షలకు చదివే నవ్యశ్రీకి ఇచ్చి, జిరాక్స్ నా దగ్గర ఉంచుకున్నాను.

అరిటాకులు, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు గాలి తగలకుండా అడుగున పడి కుళ్ళితే మీథేన్ పుడుతుంది. ఈరోజు పోసింది ఈరోజుతో పోదు. కొన్ని నెలలకు గ్యాస్ మొదలవుతుంది, కొన్నేళ్ళు పెరుగుతుంది, ఆ తర్వాత ముప్పై ఏళ్ళ దాకా సన్నగా వస్తూనే ఉంటుంది. మాలాంటి వాన తక్కువ చోట కుళ్ళడమే నిదానం కాబట్టి ఇంకా సాగుతుంది. బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఎండాకాలం గుట్ట అంటుకుంటే ఆ మంటను ఆరనివ్వనిది కూడా అదే.

అంటే నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు రామనారాయణ గారి మండపంలో ఎవరో పాయసం తిని మడిచిన ఆకు ఈరోజు భూగోళాన్ని వేడెక్కిస్తోంది! ఇది తెలిసి కూడా జనం ఎట్లా నిద్రపోతారు?

నాయనకు పైకి చదివి వినిపించాను. "అయితే నేను పోసింది ముప్పై ఏళ్ళు పనిచేస్తాదా?" అన్నాడు. గొంతులో కొంచెం గర్వం వినిపించింది.

ఫిబ్రవరి 6

అక్క వెళ్ళిపోతుందని నాకేం దిగులు లేదు. పని ఎక్కువగా ఉంది, అంతే.

ఫిబ్రవరి 22

విజయం!

పెద్ద నగరాల్లో గుట్టలోకి గొట్టాలు దించి గ్యాస్ బయటికి తీస్తారని కరపత్రంలో ఉంది. గ్యాస్ పోతే మంట దేంతో మండుతుంది? బోర్ల పనికి పోయే వంశీని పట్టుకున్నాను. వాడు పాత గొట్టాలు తెచ్చాడు. గునపాలతో బొక్కలు చేసి గుట్ట మీద అక్కడక్కడా దించాం. వంశీ దూరం నుంచి ఒక పొడవాటి కర్రకు గుడ్డ చుట్టి వెలిగించి ఒక గొట్టం మూతి దగ్గర పెట్టాడు.

నీలం మంట. పట్టపగలు, కనీకనిపించని నీలం మంట. ఉఫ్ మని శబ్దం. కాలనీ అంతా చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషానికి.

"దీని మీద టీ పెట్టుకోవచ్చా మే?" అంది అవ్వ.

"టీ ఏంది అవ్వా, అక్క పెళ్ళి వంటంతా చేయొచ్చు!"

మంట ఆర్పేశాం. గొట్టాలు అట్లాగే ఉంచాం, గ్యాస్ పోవాలి కదా.

మార్చి 4

పొగ వచ్చింది. ప్రతి ఏడూ ఏప్రిల్‌లో వచ్చేది.

మార్చి 5

గొట్టాల వల్ల కాదు. ఈ ఏడాది ఎండలు ముందే వచ్చాయి.

మార్చి 7

గొట్టాల వల్ల కాదని వంశీతో అన్నాను. వాడు తలూపాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 8

గొట్టాల వల్లే.

నవ్యశ్రీ కరపత్రం తిరిగి ఇచ్చింది. దానికి వెనకవైపు కూడా ఉంది. కాగితం ఆదా అని నేను ముందువైపే జిరాక్స్ తీసుకున్నాను. వెనకవైపు మొదటి వాక్యం: 'పైన మందంగా మట్టి కప్పకుండా గొట్టాలు దించితే వాటి చుట్టూ గాలి లోపలికి చొరబడి నిప్పు రాజుకుంటుంది.'

జిరాక్స్ షాపులో పనిచేసే మనిషి చేయదగ్గ తప్పేనా ఇది!

శీనయ్యకు ఎవరో చెప్పారు. షాపుకు వచ్చిన ప్రతి ఒక్కరినీ "ఒకవైపా, రెండువైపులా?" అని అడిగి నా వంక చూసి నవ్వుతున్నాడు. నేను స్టేప్లరు విసిరాను. ఆయనకు తగల్లేదు. కొంచెం పక్కకే విసిరాను.

ఇంటికి వస్తే అక్క నా మొహానికి అంటిన మసి తడిగుడ్డతో తుడిచింది. తుడుస్తూ దగ్గుతోంది. "పోనీలేవే. ఉదయగిరిలో అయితే మాత్రం అది పెళ్ళి కాదా?"

"కాదు" అన్నాను.

అవ్వతో నేనే చెప్పాను, తప్పు నాదేనని. అవ్వ ఒకసారి గుట్ట వైపు చూసింది. "మే దాకా టైముండాది గదే. కాళ్ళు కడుక్కొని అన్నం తిను."

మార్చి 10

గొట్టాలు పీకి బొక్కలు పూడ్చాం. పొగ తగ్గింది కానీ పోలేదు. గుట్టంతా కప్పాలంటే మట్టి కావాలి. తట్టలతో మోస్తే తరిగేది కాదు.

మట్టి ఎక్కడుందో నాకు తెలుసు. చెరువు ఎండగానే అడుగున ఉండే నల్లటి ఒండ్రును ప్రతి ఏడూ రామనారాయణ గారి ట్రాక్టర్లు ఆయన నిమ్మతోటలకు తోలుకుపోతాయి. ఆకులు మాకు, మట్టి ఆయనకు! ఆయన మండపంలో పెళ్ళి జరిగితే ఆ ఎంగిలాకులు మా గుట్టకు వస్తాయి. ఆ ఆకులు కాలి పొగ వస్తే మా పెళ్ళిళ్ళు ఆయన మండపానికి పోతాయి. ఎంత చక్కగా అల్లారో ఈ గూడు!

దీని మీద రాయకపోతే నేను మనిషినే కాదు.

మార్చి 29

రాశాను. 'మండపం ఆకులు, మన ఊపిరి' అని శీర్షిక. రెండువైపులా అచ్చు. బస్టాండులో పంచాను, డిపో ముందు పంచాను, చివరికి మండపం గేటు దగ్గర నిలబడి లోపలికి పోయే పెళ్ళివారికి కూడా పంచాను. ఒకాయన దాంట్లో వక్కపొడి కట్టుకున్నాడు. పట్టించుకోలేదు. వక్కపొడి తిన్నాక చదువుతాడు.

ఏప్రిల్ 3

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పదకొండింటప్పుడు షాపు ముందు కారు ఆగింది. తెల్ల పంచె, తెల్ల చొక్కా. రామనారాయణ గారు. శీనయ్య మిషన్ వెనక్కు పోయి టోనరు వెతుకుతున్నట్టు నటించాడు.

"ఎవురమ్మా ఆ రూబీ?"

"నేనే."

"నువ్వేనా? ఇంతే ఉండావా?" జేబులోంచి నా కరపత్రం తీశాడు. "చదివినా. రెండు తప్పులుండాయి. మా మండపం కట్టి ఇరవై ఏళ్ళు కాలేదు. పద్దెనిమిది."

"రెండోది?"

"అది తర్వాత. ముందు ఆ గుట్ట చూపించు పా."

ఆయన కారులో నేను ఎక్కలేదు. సైకిల్ మీద ముందు పోయాను, కారు వెనక వచ్చింది. దారంతా జనం చూశారు, పోలీసులు నన్ను తరుముతున్నారనుకున్నారు పాపం.

తోలు చెప్పులతో గుట్ట ఎక్కాడు. వద్దని చెప్పలేదు నేను. సగం ఎక్కేసరికి ఒక్క గెంతు గెంతాడు. లోపల నిప్పున్న చోట కాలు పెట్టాడు. చెప్పు అడుగు కరిగి పాలిథిన్ కవరుతో సహా అంటుకుపోయింది. ఒంటికాలి మీద కుంటుతూ, దగ్గుతూ కిందికి దిగాడు. కాలనీ మొత్తం గుమికూడింది. ఎవరూ నవ్వలేదు, అంటే నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. "పోసుకో అయ్యా. ఓట్లప్పుడు తప్ప ఇటు రాలేదు గదా, దారి తెలీకపాయె."

ఆయన నీళ్ళు పోసుకున్నాడు. తాగాడు కూడా. తర్వాత నా వైపు తిరిగాడు. "ఇంతకీ నీకేం కావాలమ్మాయ్?"

"మట్టి. చెరువు మట్టి. గుట్టంతా కప్పేంత. మే పదిహేనున మా అక్క పెళ్ళి ఇక్కడ జరగాలి."

"నన్ను అడిగినావా?"

నేను సైకిల్ స్టాండు సరిచేశాను.

"అడిగినావా మే? మా ఇంటికొచ్చి, అయ్యా, మట్టి కావాలి, అక్క పెళ్ళుండాది అని ఒక్క మాట అడిగినావా? ముందే తిట్టి, అచ్చేసి, ఊరంతా పంచినావే! అదీ రెండో తప్పు."

నేను జనవరి నుంచి ఎంతమందిని నిలదీశానో నాకే లెక్క లేదు. కానీ అడగడం అనేది ఒకటి ఉందని తోచలేదు. నిజంగా తోచలేదు.

"అడిగితే ఇచ్చేవాళ్ళా?"

"అడిగితే గదా తెలిసేది!"

అందరూ చూస్తున్నారు. "మట్టి ఇస్తారా?" అన్నాను. గొంతు సగమే వచ్చింది.

"ఏందీ? వినపడలా."

"మట్టి ఇస్తారా అండీ!"

"ఇస్తా. తిట్టేటప్పుడున్న గొంతు అడిగేటప్పుడు లేదే." నాయన వైపు చూసి, "కొండలయ్యా, మండపం ఆకులు ఇంక ఈడికి తోలబాక. మా నిమ్మతోటలో గుంత తీయిస్తా, దాంట్లో కుళ్ళితే ఎరువన్నా అవతాది" అన్నాడు. కారెక్కబోతూ ఆగాడు. "అమ్మాయ్, ఆ కాగితం ఇంకోటి అచ్చెయ్యి. పద్దెనిమిది అని రాయి."

అన్యాయాన్ని నేను ఇప్పటికీ క్షమించను. కానీ ఆయన కుంటుకుంటూ పోతుంటే ఒక చెప్పుల జత కొనివ్వాలనిపించింది. అనిపించిందంతే.

ఏప్రిల్ 14

నాయన మున్సిపాలిటీ ఆఫీసు నుంచి అనుమతి తెచ్చాడు. మట్టి వచ్చింది! ట్రాక్టరు వెనక ట్రాక్టరు. నల్లగా, మెత్తగా, ఎండిన నత్తగుల్లలతో. కాలనీలో పారలున్న వాళ్ళు పారలు, లేనివాళ్ళు తలుపు చెక్కలు పట్టుకుని గుట్ట మీద సర్దారు. వంశీ ఫోనులో పాటలు పెట్టాడు, చర్చి వాళ్ళు పోటీగా కీర్తన ఎత్తుకున్నారు. పొగ వస్తున్న చోట మట్టి పడ్డప్పుడల్లా అక్క "ఒకటి పాయె!" అని కేక. పెళ్ళికూతురు ఎండలో నల్లబడుతుందని అవ్వ తిడుతూనే ఉంది, అక్క వినదే! సాయంత్రానికి అక్క కళ్ళు, పళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి. అంత అందంగా దాన్ని ఎప్పుడూ చూడలేదు.

ఏప్రిల్ 20

పొగ లేదు. రాత్రి కిటికీ తెరిచి పడుకున్నాం.

పొగ ఆగడం వేరు, గ్యాస్ ఆగడం వేరు అని కాలనీకి చెప్పాను. పొగ ఆగితే చాలన్నారు. నాకు చాలదు.

ఏప్రిల్ 24

ఒండ్రు మట్టి ఎండకు నెర్రెలిచ్చింది. వేలు పట్టేంత పగుళ్ళు. వాటిలోంచి సన్నగా పొగ. అవ్వ చూసింది.

ఏప్రిల్ 25

కరపత్రం వెనకవైపు చివర్లో ఉంది: మగ్గిన ఎరువు కలిసిన మట్టి కప్పితే అందులో మీథేన్‌ను తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. కొన్ని నెలలు పడుతుంది కానీ గ్యాస్‌లో చాలా భాగాన్ని అవి పైకి రానివ్వవు. గ్యాస్‌ను తినే జీవాలు! చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. కానీ గుట్టంతటికీ ఎరువు ఎవరిస్తారు?

నాయన కంచం ముందు కూర్చుని తాపీగా అన్నాడు. "మంద తోలిస్తే సరిపాయె. చేలో గొర్రెల్ని పడుకోబెట్టినట్టు ఆడ పడుకోబెట్టు. పెంటా పడతాది, డెక్కలతో తొక్కి పగుళ్ళూ పూడస్తాయి."

నాయన్ను కావిలించుకున్నాను. పప్పు నా చొక్కాకు అంటింది.

ఏప్రిల్ 27

దుత్తలూరు వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి పెంచలనరసయ్య, మునగాకు రంగు తలపాగా పెద్దాయన, కోతలైన చేలల్లో మంద దించుకుని ఉన్నాడు. ఈసారి తిట్టలేదు. అడిగాను. నేనూ నాయనా అవ్వా కలిసి పోయి అడిగాం.

"చెత్తగుట్ట మీదనా? కవర్లు తిని చస్తే? పోయినేడు రెండు గొర్రెలు అట్టనే పాయె."

"కవర్లన్నీ మట్టి కింద ఉన్నాయి తాతా. వచ్చి చూడు."

వచ్చాడు. కర్రతో పొడుస్తూ గుట్టంతా తిరిగాడు. ఎక్కడైనా కవరు అంచు బయటపడితే నేను పరుగెత్తి పీకి సంచిలో వేసుకున్నాను. చివరికి తలూపాడు. మేం సంతోషించేలోపే, "ఇంతకీ రైతు ఎవరు?" అన్నాడు.

"రైతు ఏంది తాతా, ఇది చెత్తగుట్ట."

"మంద దించినన్నాళ్ళు నాకు రైతు ఇంట్లో కూడు. అది మా పద్ధతి. రైతు లేని నేలలో మంద దించము. ఈ నేలకి రైతు ఎవరో చెప్పండి."

"గవర్నమెంటుది" అన్నాడు నాయన.

"గవర్నమెంటు నాకు సంగటి చేసి పెడతాదా?"

రామనారాయణ గారి పేరు చెబుదామని నేను నోరు తెరుస్తున్నాను. అవ్వ ముందుకు వచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది.

"నేనే రైతుని. ఆ కనపడేదే మా ఇల్లు. ఆడ తిను."

యాభై ఏళ్ళుగా ఇతరుల చేలల్లో నాట్లు వేసిన మనిషి మా అవ్వ. పెంచలనరసయ్య అవ్వను చూశాడు. మా ఇల్లు చూశాడు. ఇంటి మీది సిలువ చూశాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆయన కులం వాళ్ళు మా కాలనీలో మంచినీళ్ళు తాగగా నేనెప్పుడూ చూడలేదు.

నేను ఒక ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాను. మంచి ప్రసంగం.

"ఏం కూర?" అన్నాడు.

"ఎండుచేపలు, వంకాయ" అంది అవ్వ.

"సరే. దించతా."

ప్రసంగం అవసరం పడలేదు.

మే 2

పొద్దున్నే గుట్ట మీద మబ్బు దిగినట్టు గొర్రెలు. నాయన ట్యాంకరుతో నీళ్ళు తడుపుతాడు, సాయంత్రం మంద దిగుతుంది, తెల్లారేసరికి పగుళ్ళు పూడి పైన పెంట పరుచుకుని ఉంటుంది. అవ్వ టీ తాగకముందే గుట్టెక్కి తనిఖీ చేస్తోంది.

"నరసయ్యా, ఆ ఈశాన్యం మూల సరిగా పడలా. ఈ పూట ఆడ దించు."

"దించతాలే రైతమ్మా. చేపల పులుసులో కారం తగ్గించు."

"నా చేను, నా కారం."

పెంచలనరసయ్య పళ్ళెం కడిగి బోర్లించి పోతాడు. అవ్వ దాన్ని మళ్ళీ కడగదు.

మే 8

మునెయ్య తనిఖీకి వచ్చాడు. గుట్టంతా తిరిగి నేలకు ముక్కు ఆనించి మరీ చూశాడు.

"పొగ లేదు గానీ గొర్రె కంపుండాది."

"అది కంపు కాదు మామా, ఎరువు" అంది అక్క. అది నా మాట! నా దగ్గర నేర్చుకున్నదే!

డేవిడ్‌రాజు పకపకా నవ్వాడు. "పెదనాయనా, ఒప్పుకో ఇంక." మునెయ్య ఒప్పుకున్నాడు. అవ్వ లోపలికి పోయి తలుపు వేసుకుని ప్రార్థన చేసుకుంది, వీధిలోకి వినపడేటంత గట్టిగా.

డేవిడ్‌రాజు అంత చెడ్డవాడేం కాదు. ఇది ఎవరికీ చెప్పను.

మే 12

అక్క పెట్టె సర్దుకుంటోంది. సాయం చేయమంది. నాకు చాలా పని ఉందన్నాను. ఏం పనో రేపు రాస్తాను.

మే 16

ఇల్లు పెద్దదైపోయింది. నిన్నటిదాకా ఈ గది ఇద్దరికి చాలేది కాదు. ఇప్పుడు చేయి చాపితే గోడ తగలడం లేదు.

అయినా నిన్నటిది రాయాలి.

సాయంత్రం చర్చి నిండిపోయింది. అక్క తెల్లచీరలో నిలబడి ప్రమాణం చెప్పింది, ఒక్క దగ్గు లేకుండా, ఆఖరి బెంచీ దాకా వినపడేలా. అవ్వ ప్రతి మాటకూ పెదవులు కదిపింది. నేను ఏడవలేదు. చివర్లో కొంచెం.

బయటికి వచ్చాను. గుట్ట పక్క నుంచి పొగ.

తర్వాత ఏం చేశానో చూసినవాళ్ళు చెబితేనే తెలిసింది. కొత్త చీర పైకి దోపి, తాగడానికి పెట్టిన నీళ్ళ బిందె ఎత్తుకుని, దారిలో మునెయ్యను తోసేసి పరుగెత్తానట. పొగ వస్తున్న చోట బిందెడు నీళ్ళూ కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. ఆవిరిలోంచి వంటమాస్టరు బయటికొచ్చాడు.

"ఏం తల్లీ, బిర్యానీ మీద నీకేం పగ?"

అది పెళ్ళి వంట పొయ్యి.

"గుట్ట పక్క నిప్పు పెట్టొద్దని చెప్పాను కదా!"

"ఈ పక్కనే గదా నీడుండేది!"

కట్టెలన్నీ తడిసిపోయాయి. పొయ్యి చర్చి అవతలికి మార్చి, కొత్త కట్టెలు తెచ్చి మళ్ళీ వెలిగించేసరికి భోజనాలు బాగా ఆలస్యమయ్యేట్టున్నాయి. షామియానా కింద ఉక్కపోత. అవతలివాళ్ళు అలిగి బస్సెక్కిపోతారని నాకు చెమటలు పట్టాయి. అవ్వ కోరిక పొగ వల్ల కాదు, నా బిందె వల్ల చెడిపోతోంది.

డేవిడ్‌రాజు సూటు కోటు విప్పి కుర్చీకి తగిలించి, అక్క చేయి పట్టుకుని గుట్టెక్కాడు. "రండి పెదనాయనా, పైన గాలుండాది!" మునెయ్య ఎక్కాడు. ఆయన వెనక ఉదయగిరి వాళ్ళంతా. వాళ్ళను చూసి మా కాలనీ. రామనారాయణ గారు కొత్త చెప్పులు చూసుకుంటూ, ఒక్కో అడుగూ నేలకు ఆనించి వేడి చూసుకుంటూ ఎక్కాడు. పట్టుచీరలు, పూలు, చంకల్లో పిల్లలు. నేను కింద నిలబడి ఒక్కొక్కరి జేబులోంచి బీడీలు, అగ్గిపెట్టెలు లాక్కుని పైకి వదిలాను. మునెయ్య తన బీడీ కట్ట తనే ఇచ్చి దండం పెట్టాడు.

పొద్దు గుంకుతుండగా చల్లగాలి మొదలైంది. ఎవరో కీర్తన ఎత్తుకున్నారు. బిర్యానీ వచ్చింది. కిందికి దిగండి, బంతి వేశాం అంటే ఎవరూ దిగలేదు. విస్తళ్ళు పైకే తెప్పించుకున్నారు. అవ్వ వరసల మధ్య తిరిగి వడ్డించింది, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ. తిన్న ఆకులు నిమ్మతోట గుంతకు పోవాలని నేను అరిచేలోపే డేవిడ్‌రాజు బుట్ట పట్టుకుని మొదటి వరస ఆకులు ఎత్తుతున్నాడు, పెళ్ళికొడుకు! అక్క వెనక నడుస్తూ నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక అక్కను ఉదయగిరికి పంపడానికి ఒప్పుకున్నాను. నన్నెవరూ అడగలేదు కానీ ఒప్పుకున్నాను.

అప్పుడు మునెయ్య భార్య నా కొంగు పట్టుకుని లాగింది. కొండ కింద పుట్టి పెరిగిన ఉదయగిరి మనిషి. చుట్టూ చూసింది, అరచేత్తో నేలను రెండుసార్లు తట్టింది.

"మా కొండంత లేదు గానీ బాగుండాది పాపా. ఈ గుట్ట ముందు నుంచీ ఉండేదేనా?"

"కాదత్తా. ఊరంతా కలిసి పోసినాము."

"అమ్మో, ఇంత గుట్టే! ఎన్నాళ్ళు పట్టినాది?"

"ఇంకా అయిపోలేదు. ఇంకో ముప్పై ఏళ్ళు చూసుకోవాల."

ఆమె ఆశ్చర్యపోలేదు. బిడ్డ పెంపకానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలిసిన తల్లిలా తలూపింది. తన విస్తరి కొంచెం పక్కకు జరుపుకుని నాకు చోటు చేసింది.

"చూసుకుందువులే. ముందు కూర్చోని అన్నం తిను."

కూర్చున్నాను.